తప్పుకు కూడా రెండో కాపీ

మనం చేసిన తప్పును వెంటనే రెండు చోట్ల భద్రపరిచే ఏర్పాటు ఒకటి ఉంది. దాని పేరు డిస్క్ మిర్రరింగ్. అది ప్రతి అంగడిలోనూ ఉండి తీరాలని నా వాదన. నాదీ అంగడే, లాభం లేని మాట చెప్పను!

చింతామణిలో గోవిందరాజు టమాటా నారు అమ్ముతాడు. ఏ రైతు ఏ రకం బుక్ చేశాడో అదంతా అంగడిలో యూనిక్స్‌తో నడిచే సర్వర్ కంప్యూటర్‌లో ఉంటుంది. రకం మారితే ఆ రైతు వచ్చే పంటకు ఇంకో అంగడి చూసుకుంటాడు. ఇంతకుముందు ఎవరో పుణ్యాత్ముడు ఆ డిస్కును మూడు వాల్యూములుగా విడగొట్టి పోయాడు. మూడు గదుల గోడౌన్ అనుకోండి. ఒక గదిలో మూటలు పైకప్పును తాకుతున్నాయి, తక్కిన గదుల్లో సాలీళ్ళ కాపురం. సర్వర్ మాత్రం చోటు లేదని రోజూ మొరాయించేది.

చిక్కబళ్ళాపురం నుంచి ఇంజనీరు అశ్విన్ వచ్చి, గోడలు తీసేసి మూడింటినీ ఒకటి చేశాడు. పక్కనే ఇంకో డిస్కు బిగించి మిర్రర్ పెట్టాడు.

“దీంట్లో ఏం రాస్తే దాంట్లోనూ అదే పడతాదన్నా. ఒక డిస్కు చెడిపోయినా పని నిలబడదు.”

“అంటే రెండో కాపీ ఉన్నట్టే కదప్పా?” అన్నాడు గోవిందరాజు.

“ఉన్నట్టేనన్నా.”

“ఇంక భయం లేదు కదా?”

“లేదన్నా.”

గోవిందరాజు భార్య సులోచనమ్మ కాఫీ ఇస్తూ, “దీంట్లో చెరిపేస్తే దాంట్లో ఉంటాదా నాయనా?” అని అడిగింది.

“అంగడి సంగతి నీకేల? ఊరికే ఉండు” అన్నాడు గోవిందరాజు.

అశ్విన్ ఏదో చెప్పబోయి, ఆయన మొహం చూసి, కాఫీ తాగాడు.

బాగేపల్లి బ్రాంచి చూసుకుంటూ, అక్కడి నుంచే ఈ సర్వర్ వాడే ఆదినారాయణప్పకు పొదుపెక్కువ. ఒకే సరుకు రెండు చోట్ల ఉందంటే ఆయనకు నిద్ర పట్టదు. సరిగ్గా నారు పంచే రోజు పొద్దున ఫోన్ చేశాడు.

“అప్పా, బుకింగులన్నీ తీసేసి జాగా చేసినాను. అద్దంలో ఇంకొకటి ఉండాది కదా.”

మిర్రర్ విశ్వాసం చూడండి. ఆయన వేలు ఎత్తేలోపే అద్దంలోది కూడా తీసేసింది! మన పనివాళ్ళలో చెప్పిన పని అంత చురుగ్గా చేసేవాళ్ళు ఉన్నారా? పైగా ఆ యూనిక్స్‌లో, చెరిపినవి మళ్ళీ ఏరుకోవడానికి చెత్తబుట్ట కూడా పెట్టలేదు. పోయిందంటే పోయిందే. ఎంత శుభ్రత!

బట్లహళ్ళి రైతులు వచ్చేశారు. ఎవరి నారు ఏదని అడిగితే అందరూ ఏపుగా ఉన్న ట్రేలే చూపించారు.

“ఆ నిగనిగలాడేది నాదేనప్పా, దాని మొగమే చెప్తాండాది” అన్నాడు రామచంద్రప్ప.

“నీ మొగం మాదిరి ఉండేది ఆ మూలలో ఉండాది, పో” అన్నాడు పక్కనున్న మునినారాయణ.

వాడిపోయిన నారుకు మాత్రం వారసుడు లేడు. దాన్ని గోవిందరాజు తన పెరట్లోనే నాటుకున్నాడు. ఇప్పుడు వాళ్ళింట్లో రోజూ టమాటా పప్పే. ఇది మాత్రం లాభం కాదా?

నారు పంచిన రోజు సాయంత్రమే ఆయన అశ్విన్‌కు ఫోన్ చేశాడు.

“మిర్రర్ వేరే, బ్యాకప్ వేరేనా అప్పా?”

“వేరేనన్నా.”

“అది ముందే చెప్పాల్సింది కదా?”

“చెప్పాల్సిందేనన్నా.”

నా లెక్కలో మిర్రర్ బిగించిన రోజు అంగడిలో రెండు మిర్రర్లు ఉన్నాయి. ఒకటి సర్వర్‌లో ఉంది, రెండోది కాఫీ తాగింది. బ్యాకప్ కూడా ఉండింది. దాన్నే గోవిందరాజు ఊరికే ఉండమన్నాడు.