ఎవారిస్ట్ కిటికీలు మూసిన రోజు

ఆ ఉదయం ఓడీల్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పది గంటలకు బీమా కంపెనీ నుంచి ఒకావిడ వస్తుంది. ఎత్తయిన స్తంభాల మీద కట్టిన, గదులు అద్దెకిచ్చే తమ ఇంటిని చూస్తుంది. కిటికీలకు అడ్డంగా బిగించే తుఫాను పలకలున్నాయని, ఇంటి కింద ఎవరూ పొయ్యి వెలిగించరని రాసుకుంటుంది. సంతకం పెట్టి వెళ్లిపోతుంది. తర్వాత ఓడీల్ కాళ్లు చాపుకుని కాఫీ తాగుతుంది.

ఆ సంతకం మాత్రం ఇవాళే పడాలి. పాత కంపెనీ సముద్రం ఒడ్డు ఇళ్లకు ఒక దండం పెట్టి తప్పుకుంది. దూరంగా మెక్సికో గల్ఫ్‌లో ఒక సుడి తిరుగుతోంది. దానికి పేరు పెట్టారంటే ఇక ఆ తుఫాను దాటిపోయేదాకా లూసియానా తీరంలో ఏ కంపెనీ కొత్త బీమా ఇవ్వదు. రొయ్యల పడవ అమ్మేసి కట్టిన ఇల్లది. దాని అద్దె మీదే మొగుడూ పెళ్లాలు బతుకుతున్నారు. బీమా లేని ఇంటికి ఒక్క గాలివాన తగిలినా, ఒక్క నిప్పురవ్వ పడ్డా ఆ బతుకు అక్కడితో సరి.

"పలకలు గోడకు చేరేసి ఉంటే ఆవిడకేం కనిపిస్తాయి? బిగించి చూపించు," అంది ఓడీల్.

"ఒక్క కిటికీకి బిగిస్తే చాలదా?" అన్నాడు ఆమె మొగుడు ఎవారిస్ట్.

"బీమా ఒక్క కిటికీకేనా?"

ఎవారిస్ట్ డ్రిల్లు తీసుకుని నిచ్చెనెక్కాడు. ఓడీల్ వచ్చే మనిషికి కేకు కొందామని కొట్టుకు బయల్దేరింది.

వాళ్లుండే పెలికన్ వీధిలో టీవీలో చెప్పే వాతావరణాన్ని ఎవరూ పట్టించుకోరు, ఎవారిస్ట్ కిటికీలనే చూస్తారు. మామూలు తుఫాన్లకు అతను పలక ముట్టడు. వరండాలో కూర్చుని గాలిని బూతులు తిడతాడు. ఇన్నేళ్లలో పలకలు బిగించింది రెండేసార్లు. రెండుసార్లూ సగం వీధి సముద్రం పాలయింది.

ఎదురింటావిడ కొరాలీ, వీధిలో సగంమందిని బాప్తిస్మమప్పుడు ఎత్తుకున్న జ్ఞానతల్లి. అక్కడి భాషలో జ్ఞానతల్లిని ననేన్ అంటారు, అందుకే ఆమె అందరికీ ననేనే. కాఫీ కప్పుతో బయటికొచ్చిన ననేన్ నిచ్చెన చూసి ఆగిపోయింది.

"ఒరే ఎవారిస్ట్! అన్నిటికీనా?"

"అన్నిటికీ ననేన్."

"వెనకవైపు వాటిక్కూడానా?"

"ఓడీల్ సంగతి తెలుసుగా. ఒక్కటి వదిలినా నన్ను బతకనివ్వదు."

ననేన్ శిలువ గుర్తు వేసుకుని లోపలికి పోయి ఫోనందుకుంది. కాసేపట్లో వీధంతా సుత్తుల మోత. పడవలు కాలువలోకి మళ్లాయి. ఒహాయో నుంచి చేపలవేటకని వచ్చి ఎవారిస్ట్ ఇంట్లో అద్దెకు దిగిన దంపతులు గది చీకటిగా ఉందేమిటని తలుపు తీశారు. వీధి చూశారు. పైజామాల్లోనే కారెక్కారు.

కొట్లో ఓడీల్‌కు కేకు దొరకలేదు. అసలు తినేదేదీ దొరకలేదు. నీళ్ల సీసాల కోసం జనం కొట్టుకుంటున్నారు.

"ఏమైందిరా?" అని అడిగింది కొట్టతన్ని.

"ఇదేంటి ఓడీలత్తా, నీకు తెలీదా? ఎవారిస్ట్ మామ కిటికీలు మూసేశాడంట!"

ఓడీల్ మిగిలిన రెండు నీళ్ల సీసాలూ చప్పున చంకలో పెట్టుకుంది. సగం దారి వచ్చాక, మూయమన్నది తనేనని గుర్తొచ్చింది.

ఇంటికొచ్చేసరికి అసలు కొంప మునిగింది. తుఫానొస్తే కరెంటు పోతుంది, ఫ్రీజర్లో దాచిందంతా పాడవుతుంది. అందుకని ఊరు వదిలేముందు ఉన్నదంతా వండుకుని, కలిసి తిని పోవడం అక్కడి ఆచారం. నీడకు నీడ, సిమెంటు నేల, వీధిలో అందరికంటే ఎత్తయిన ఇల్లు. ఎవారిస్ట్ ఇంటి కింద వరసగా గ్యాసు పొయ్యిలు భగభగ మండుతున్నాయి. ఒకదాని మీద రొయ్యలు, ఒకదాని మీద బాతులు, ఇంకోదాని మీద ఎవరో పోయినేడు కొట్టిన జింక. ఊరి అగ్నిమాపక బృందం ఫైరింజన్‌తో సహా వచ్చి పళ్లేలు పట్టుకుని నిలబడింది.

"నిన్ను తగలెయ్య! ఏంటిదంతా?" అంది ఓడీల్.

నిచ్చెన మీంచి ఎవారిస్ట్ భయంగా చూశాడు. "పెద్దదేదో వస్తోందే! వీధంతా మూసేస్తున్నారు. వీళ్లని చూసి నేను రెండో వరస మరలు కూడా కొడుతున్నా."

ఓడీల్ నోరు తెరిచే లోపే కారు ఆగింది. బీమా కంపెనీ ఆవిడ రోవెనా ప్రాట్ దిగింది. సరిగ్గా అప్పుడే బాతుల మూకుట్లో నూనె భగ్గుమంది. ననేన్ మాట మధ్యలో ఆపకుండానే దాని మీద మూత పడేసింది.

రోవెనా మూత వైపు, పైకప్పు వైపు చూసింది. "ఇంటి కింద పొయ్యి ఉంటే నేను సంతకం పెట్టలేనమ్మా."

ఓడీల్‌కు ఏడుపొచ్చేసింది. ఆమె ముఖం చూసి ననేన్ గరిటె ఎత్తింది. "వింటున్నారా? మోయండి!"

వీధి వీధంతా తలో చెయ్యీ వేసింది. పొయ్యిలు, కుండలు, బల్లలు అన్నీ నడిరోడ్డు మీదికి చేరాయి. ఇంటి కింద ఒక్క రొయ్య పొట్టు కూడా మిగల్లేదు. రోవెనా అక్కడ ఫొటో తీసుకుంది. పలకలు పట్టుకుని లాగి చూసింది. ఒక్కటీ కదల్లేదు.

"మా కంపెనీలో మీ వీధికి చెడ్డపేరుంది," అంది. "ఏం చెప్పినా కదలరని. ఇవాళ వద్దని చెప్పేసి పోదామనే వచ్చాను. ఇక్కడ చూస్తే ఇంకా మబ్బయినా పట్టలేదు, ఇంత సిద్ధంగా ఉన్నారు! మీకెవరు చెప్పారు?"

"ఎవారిస్ట్‌ని చూసి మూశాం," అంది వీధి.

"నేనా? మిమ్మల్ని చూసే కదా నేను భయపడింది!" అన్నాడు ఎవారిస్ట్. "మొదట మూయమన్నది మాత్రం ఓడీల్."

అందరూ ఓడీల్ వైపు తిరిగారు. అబద్ధం ఆడదామనుకుంది గానీ నోరు రాలేదు. "నాకు తుఫాను గొడవేం తెలీదు. ఈవిడొచ్చి చూస్తుందని మూయించాను," అని రోవెనాను చూపించింది.

బాతు కాళ్లు చేతుల్లో పట్టుకుని వీధంతా బిగుసుకుపోయింది. ముందు రోవెనాకే నవ్వొచ్చింది. నవ్వీ నవ్వీ నిలబడలేక కుర్చీ అడిగింది. తర్వాత ననేన్, ఆ వెనక వీధి మొత్తం.

"అయితే ఆ తుఫాన్ని నేనన్నమాట," అంది రోవెనా కళ్లు తుడుచుకుంటూ. "ఎందుకు మూశారో నేను రాయక్కర్లేదు. చూసిందే రాస్తాను. గుమ్మంలో ఫైరింజన్ ఉందని కూడా."

సంతకం పడింది. ఓడీల్ ఆమెను కావలించుకుని పళ్లెం నిండా బాతు మాంసం పెట్టింది. ఎవరో అకార్డియన్ తెచ్చి వాయించారు. ఎవారిస్ట్ డ్రిల్లు పక్కన పడేసి ననేన్‌తో నడిరోడ్డు మీద చిందేశాడు.

సాయంత్రానికి సుడికి పేరు పెట్టారు. అది మెక్సికో వైపు తిరిగి వెళ్లిపోయింది. పెలికన్ వీధికి జరిగిన నష్టమల్లా ఖాళీ అయిన ఫ్రీజర్లే, అవి మాత్రం ఏ బీమాలోనూ లేవు.