ప్రాక్సీ రోజా

సర్వ మానవాళికీ తెలియజేయునది ఏమనగా, లోకంలోనే మొట్టమొదటి ప్రాక్సీ రోజా చంద్రపూర్‌లో, తుకుం బస్తీలో, మా బిల్డింగు రెండో అంతస్తులో, నా అమృత హస్తాల మీదుగా ప్రారంభమైంది!

కారణం మా ఎదురింటి రజియా ఖాలా. బొగ్గు గని పనుల కోసం మా తాతవాళ్ళతో పాటే మంచిర్యాల నుంచి వచ్చిన కుటుంబం. పోయిన రంజాన్‌లో రోజా ఉండి, బీపీ పెరిగి, వంటింట్లో పడిపోయింది. డాక్టరు గోలీలు రాసి, ఉపవాసం మాటెత్తొద్దన్నాడు. మసీదు మౌలానా కూడా, నీ ఒంటికి చేతకానప్పుడు ఒక్కో రోజాకు బదులు ఒక పేదకు కడుపునిండా అన్నం పెట్టమ్మా, అన్నాడు.

అయినా ఈసారి నెలవంక కనబడగానే ఖాలా మొహం చిన్నబోయింది. నా గుండె కరిగింది. గుండె కరిగితే నేను ఊరుకోను, స్టేటస్ పెడతాను.

"ఖాలా, నీ బదులు నేనుంట రోజా!"

"ఏందే విద్యా? ఒకరి రోజా ఇంకొకరు ఉంటరా?"

"ఎందుకుండరు? కాలేజీల ముగ్గురికి ప్రాక్సీ చెప్పిన. ఒక్కసారి దొరకలే!"

"సార్‌కు దొరకలేవు బేటీ. పైనోడు హాజరీ గట్ల తీస్కోడు," అని ఖాలా నవ్వింది.

ఆ నవ్వును నేను ఆమోద ముద్రగా పరిగణించాను.

తెల్లవారకముందే లేచి పోహా, గుడ్లు, నిన్నటి చపాతీలు ఎడారి ప్రయాణానికి బయల్దేరే ఒంటెలాగా నింపుకున్నాను. పొద్దు పొడిచేసరికి "ఖాలా కోసం నా ఆకలి" అని రీల్ పెట్టాను. లైకులే లైకులు! మా గల్లీ మిత్ర మండల్ అధ్యక్షుడు ప్రహ్లాద్ పరుగెత్తుకొచ్చాడు.

"ఏక్ నంబర్, తాయీ! సాయంత్రం నీకు సత్కారం. శాలువ, శ్రీఫళ్, బ్యానర్, అన్నీ మావే!"

ఉపవాసానికి కొబ్బరికాయ బహుమానం! ఎంత దూరదృష్టి!

మధ్యాహ్నానికి ఎండ మండిపోతోంది. నాలుక చెప్పు అట్టలా తయారైంది. లైకులు పెరుగుతున్నాయి గానీ అవి కడుపులోకి దిగడం లేదు. సరిగ్గా అప్పుడే ఖాలా పిలిచింది. చేతిలో డబ్బా.

"జైబున్ దాదీకి ఇచ్చిరా బేటీ. గల్లీ చివర రేకుల గదిల ఉంటది. ముసల్ది, ఎవ్వరు లేరు, అయినా రోజా ఇడ్సది. పొద్దుగూకినంక మగ్రిబ్‌కు గిదే తింటది. నేనే ఇచ్చొస్తనని చెప్పిన, ఇయ్యాల మోకాలు సతాయిస్తుంది." డబ్బా నా చేతిలో పెట్టి, చెయ్యి వదల్లేదు. "నేను ఉండలేని రోజా గీ డబ్బాలనే ఉంది. పైలం."

"ఫికర్ చెయ్యకు ఖాలా! రోజా ఉన్న మనిషి చేతిల పెట్టినవ్!"

మెట్ల మలుపులో డబ్బాలోని పప్పు దాల్చా వాసన వచ్చింది. ఒక బాధ్యతగల పౌరురాలిగా నాకు అనుమానం కలిగింది. ముసలి మనిషి తినేది కదా, ఉప్పు సరిపోయిందో లేదో! ఒక్క చెంచా పరీక్షించాను. సరిపోయింది. కానీ ఒక్క చెంచాతో నిర్ణయానికి రావడం శాస్త్రీయం కాదు. పైన బాగుంటే సరిపోదు, అడుగున మాటేమిటి? అడుగున కూడా బాగుంది! పరీక్ష సంపూర్ణంగా ముగిశాక డబ్బాను మేడమీది నల్లా కింద తళతళలాడేలా కడిగాను.

"దాదీ ఏమన్నది?" ఖాలా అడిగింది.

"గిన్నెల ఒంపుకొని, వాసనకే మస్తు రుచుందన్నది ఖాలా!"

పొద్దుగూకే వేళకు ఖాలా హాలు నిండిపోయింది. నా భుజాన శాలువ, ఒళ్ళో కొబ్బరికాయ, వెనక బ్యానర్, ముందు ఖర్జూరాలు, భజ్జీలు, పుచ్చకాయ ముక్కలున్న పళ్ళెం. నీరసం ఎంత బాగా నటించానో, నాకే జాలేసింది. ప్రహ్లాద్ ఫోను ఎత్తి పట్టుకున్నాడు.

గుమ్మంలో కర్ర చప్పుడైంది. జైబున్ దాదీ!

"రజియా, ఇయ్యాల డబ్బా రాలే బిడ్డా. ఏం కాదు తీయ్, ఇన్ని మంచినీళ్ళియ్యి. అజాన్ అయితదిప్పుడు."

ఖాలా వంటింటి గట్టు మీద మెరుస్తున్న డబ్బాను చూసింది. తర్వాత నన్ను.

"మరి రుచుందన్నది ఎవరే?"

నేను కొబ్బరికాయ పీచు లెక్కపెడుతున్నాను.

"నా బదులు ఉపాసముంటనంటివి. దాదీ బదులు తినొస్తివి. నా రోజా సుత మింగితివి గదనే! ఇగ ఎవరి హాజరీ మిగిలింది?"

నోట్లో ఇంకా దాల్చా రుచి ఉంది.

అజాన్ మొదలైంది. ఖాలా నా ముందున్న పళ్ళెం ఎత్తి దాదీ ముందు పెట్టింది. అందరూ ఖర్జూరం నోట్లో వేసుకున్నారు. దాదీ మాత్రం, ఈ గొడవేదీ చెవిన పడనట్టే, తనది రెండు ముక్కలు చేసి, ఒకటి నా వైపు చాపింది.

"నువ్వు సుత పొద్దటి సంది ఉన్నవట గదా బిడ్డా. తీస్కో, సిగ్గెందుకు?"

ప్రహ్లాద్ మెల్లగా ఫోను దించాడు.

నా చెయ్యి లేవలేదు. అందరూ రోజా విడిచిన ఆ నిమిషాన నాది మొదలైంది. ఈసారి ఎవరి బదులూ కాదు.