ఎడారి బదనికకు అతిథి మర్యాదలు

“ఎడారి పూస్తుంది. పూసి తీరుతుంది. పూయని పక్షంలో పూర్తి బాధ్యత ఎడారిదే!”

మంత్రిగారు ఇంటి మెట్ల మీద నిలబడి విలేకరుల ముందు ఈ చరిత్రాత్మక ప్రకటన చేస్తుంటే, ఆయన ఇల్లాలు వంటింటి కిటికీలోంచి విని స్టౌ తగ్గించింది. ఆయన ‘తీరుతుంది’ అన్నప్పుడల్లా ఇంట్లో ముందుగా నిండుకునేవి పాలూ పంచదారా. అలవాటు కొద్దీ డబ్బా మూత తీసి చూసుకుంది.

సంగతేమిటంటే, ఎడారి ఇసుకలో బదనిక జాతి మొక్క ఒకటుంది. ఆకుండదు, పచ్చదనం ఉండదు. పక్కనున్న పొద వేళ్లకు అతుక్కుని, పొద తాగే నీళ్లే తాగి, పొద వండుకున్నదే తిని, భూమిలోపల ఏళ్ల తరబడి దర్జాగా లావెక్కుతుంది. ఎప్పుడో ఓ పూలకంకిని పైకి పంపిస్తుంది. నీరసం దగ్గర్నుంచి నడుంనొప్పి దాకా అన్నిటికీ అది మందని జనం ఎగబడి కొంటున్నారట. దాన్ని ఎడారి నిండా పండించడానికి మంత్రిగారు ‘ఎడారి ఔషధ మిషన్’ పెట్టారు.

“అచ్చం మా తమ్ముడే” అంది ఇల్లాలు భోజనాల దగ్గర.

తమ్ముడంటే ఆవిడ సొంత తమ్ముడే. రెండ్రోజులుండి పోతానని బావగారు ఎమ్మెల్యే కాకముందు వచ్చాడు. బావగారు మంత్రి అయ్యాక కూడా వాడికింకా రెండో రోజే నడుస్తోంది. తూర్పు కిటికీ ఉన్న గది వాడిది. బి.ఎస్సీలో వృక్షశాస్త్రం చదివిన ఆవిడకి ఆ గదిలో కుట్టుమిషనూ, నాలుగు పుస్తకాలూ పెట్టుకుని కాసేపు ఒంటరిగా కూర్చోవాలని కోరిక. ఆ కోరిక ఇన్నేళ్లుగా వసారాలో మిషన్‌తో పాటు దుప్పటి కప్పుకుని ఉంది.

“నన్ను మొక్కతో పోలుస్తావా అక్కా?”

“లేదురా. అది ఎప్పటికైనా పూస్తుంది.”

మంత్రిగారు చెయ్యి కడుక్కుంటూ ఆలోచించి, ఎడారి ఔషధ మిషన్‌కి వాణ్ణే చైర్మన్ని చేశారు.

మర్నాడు హాల్లో సమీక్ష. శాఖ డైరెక్టర్ ఒక తొట్టిలో సన్నాకుల ఎడారి పొదనీ, పొట్లంలో గింజల్నీ పట్టుకొచ్చాడు.

“సార్, ఇది పరాన్నజీవి…”

“ఆ మాట మనవాళ్ల ముందు అనకయ్యా. ప్రతివాడూ తననే అన్నావనుకుంటాడు.”

“చిత్తం సార్. ఆశ్రిత మొక్క. ముఖ్యమైన విషయం, ఆతిథేయి లేనిదే దీని గింజ మొలకెత్తదు. ఆతిథేయి వేరు పక్కనే ఉంటే తప్ప కళ్లు తెరవదు.”

“ఆతిథేయి అంటే?”

“హోస్ట్ సార్.”

మంత్రిగారి ముఖం వెలిగిపోయింది. “అదెంత భాగ్యం! మర్యాదలకి మనం పెట్టింది పేరు. ఏమోయ్ బావమరిదీ, వెంటనే ఆతిథేయి కమిటీ వెయ్యి.”

“ఎంతమందిని వెయ్యమంటారు బావా?”

“బస్సు నిండాలి.”

డైరెక్టర్ నోరు తెరిచాడు. కిందటి బదిలీ గుర్తొచ్చి మూసేశాడు.

“ఆతిథేయి అంటే ఈ పొదండీ, మనుషులు కాదు” అంది ఇల్లాలు, టీ కప్పులు అందిస్తూ.

“నువ్వుండవోయ్. పొద ఎక్కడైనా మర్యాద చేస్తుందా?” అన్నారు మంత్రిగారు. హాలంతా నవ్వింది. డైరెక్టర్ కొంచెం ఆలస్యంగా నవ్వాడు. “ముందా కంప బయట పారెయ్యండి.”

పారేసిన పొదని ఆవిడ పెరట్లో పాత డ్రమ్ములో నాటుకుంది. తమ్ముడు పొట్లం విప్పి చూసి, “గింజలన్నారు, అంతా దుమ్మే!” అని నేలమీద దులిపేస్తే, ఆ దుమ్మునీ కాగితంతో ఎత్తి పొద వేళ్ల పక్కన పోసింది. చదువుకున్న చదువు ఊరికే పోనివ్వదు కదా.

అక్కడ ఎడారిలో పనులు జోరందుకున్నాయి. “అతిథులొచ్చే దారిలో ఈ ముళ్లకంపలేమిటి?” అని చైర్మన్ హుంకరించగానే పొదలన్నీ పీకేశారు. వాటి స్థానంలో ఏసీ గెస్ట్‌హౌస్ లేచింది. ఉత్త ఇసుకలో గింజలు చల్లి, మడి మడికీ ఎర్ర తివాచీ, రంగుల గొడుగు, ‘స్వాగతం’ బోర్డు పెట్టారు. సాయంత్రాలు కమిటీ సభ్యులు బస్సు దిగి, మడుల ముందు చేతులు జోడించి, “దయచేయండి, దయచేయండి” అని ఇసుకని బతిమాలేవారు.

ఇసుక బెట్టు సడలించలేదు.

“పంట భూగర్భంలో శరవేగంగా పురోగమిస్తోంది” అని చైర్మన్ ప్రకటించాడు.

“మరి కనపడదేం?” అన్నాడో విలేకరి.

“కనపడితే భూగర్భం అని ఎందుకంటారండీ?”

విలేకరి అదే రాసుకున్నాడు. రోడ్ల మంత్రి స్వయంగా ఫోన్ చేసి ఈ పద్ధతి వివరాలు అడిగి తెలుసుకున్నారు.

ఇలా రెండు వేసవులు గడిచాక, ముఖ్యమంత్రిగారు పంట చూడ్డానికి వస్తున్నారని కబురొచ్చింది. మంత్రిగారికి అన్నం సహించలేదు. పళ్లెం ముందు కూర్చుని మీసం నములుతున్నారు.

“ఆతిథేయి పక్కనే ఉంటే తప్ప గింజ కళ్లు తెరవదని డైరెక్టర్‌గారన్నారు కదండీ” అంది ఇల్లాలు అమాయకంగా. “చైర్మన్ ఇక్కడ పడుకుంటే అది అక్కడెలా లేస్తుంది?”

మంత్రిగారు బల్ల గుద్దారు. ఆ మధ్యాహ్నమే తమ్ముడు సూట్‌కేసూ, రెండు తలగడలూ, టేబుల్ ఫ్యానూ పట్టుకుని గెస్ట్‌హౌస్‌కి బయల్దేరాడు. “ఇది అన్యాయం అక్కా!” అంటూనే కారెక్కాడు. కారు మలుపు తిరగకముందే కుట్టుమిషన్ తూర్పు కిటికీ దగ్గరికి చేరింది.

మర్నాడు ఆవిడ ఆ కిటికీ పక్కన తీరిగ్గా కూర్చుని పెరట్లోకి చూసింది. డ్రమ్ములో, పొద మొదట్లో, ఇసుకని చీల్చుకుని లేతపసుపు కంకి! ఒంటినిండా పూలు. ఆవిడకి కాలేజీ రోజుల నాటి కేక ఒకటి గొంతులో మిగిలిపోయి ఉంది, అది బయటికొచ్చేసింది.

“ఏవండీ! పూసింది!”

నోరు మూసుకునే లోపే మంత్రిగారు కత్తి పట్టుకుని వచ్చారు.

“అయ్యో, పొదతో సహా తీసుకెళ్లండి. విడదీస్తే బతకదు.”

“ముఖ్యమంత్రి వెళ్లేదాకా బతికితే చాలు.”

ముఖ్యమంత్రిగారు వచ్చే వేళకి ఎడారిలో ఎర్ర తివాచీ మధ్య ఇసుకలో కంకిని గుచ్చారు. వాలబోతుంటే వెనకనుంచి తమ్ముడు బొటనవేలు ఆనించాడు. “చూశారా! ఎవరి ఆసరా లేకుండా ఎలా నిలబడిందో!” అని ముఖ్యమంత్రిగారు చప్పట్లు కొట్టారు. “ఇంతకీ మొట్టమొదట ఎక్కడ మొలిచింది?”

ఆ ఆనందంలో మంత్రిగారికి నిజం నోరుజారింది. “మా ఇంట్లోనే సార్!”

“అయితే ఇక్కడెందుకు? మిషన్ మొత్తం అక్కడికే మార్చెయ్యండి.”

మర్నాడు ఇల్లాలు తూర్పు కిటికీ దగ్గర సూదిలో దారం ఎక్కిస్తుంటే గేటు చప్పుడైంది. డైరెక్టర్, చేతిలో ఫ్రేము కట్టిన ప్రశంసాపత్రం.

“అభినందనలు మేడమ్. ఈ ఏటి ఉత్తమ ఆతిథేయి మీరే.”

ఆయన వెనక బస్సు ఆగింది. సభ్యులు పెట్టెలతో, బొంతలతో దిగి, అలవాటైన పద్ధతిలో చేతులు జోడించి, “దయచేయండి, దయచేయండి” అని ఒకరికొకరు దారి ఇచ్చుకుంటూ లోపలికి వస్తున్నారు.

“డైరెక్టర్‌గారూ, ఇవి పట్టిన పొద ఎన్నాళ్లు బతుకుతుందండీ?”

“పొద ఓపికని బట్టి మేడమ్” అన్నాడాయన, నేల చూపులు చూస్తూ.

“అక్కా! కిటికీ గదిలో ఎవర్నీ దిగనివ్వకు, అది నాది!” బస్సు కిటికీలోంచి తలగడలు అందిస్తూ తమ్ముడు అరిచాడు.

ఆవిడ సూదిలోంచి దారం తీసేసి, కుట్టుమిషన్ మీద కప్పే దుప్పటి కోసం వసారాలోకి వెళ్లింది. దాన్ని అప్పటికే ఒక సభ్యుడు కప్పుకుని పడుకున్నాడు.