పెరటి చెట్టుకు పర్మిషన్

పెరట్లో చెట్టు కొట్టించి, ఆ జాగాలో బాత్‌రూము కట్టించాలని గురుప్రసాద్ సోమవారం పొద్దున కాఫీ తాగుతూ నిర్ణయించుకున్నాడు. అత్తగారు గురవమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది. సింహాద్రిపురంలో కొడుకుది మేడమీద ఇల్లు. మెట్లెక్కలేక ఆమె ప్రొద్దుటూరులో కూతురి దగ్గరికి వస్తానంది. కింది గదిని ఆనుకుని బాత్‌రూము కట్టడానికి అడ్డం ఆ చెట్టొక్కటే.

జిలానీ మేస్త్రీ గొడ్డలితో వచ్చేశాడు కూడా. సరిగ్గా అప్పుడే గురుప్రసాద్‌లోని సివిక్స్ మాస్టారు నిద్రలేచాడు.

"ఆగు జిలానీ. కొట్టొచ్చో లేదో ముందు కనుక్కుందాం."

"మన పెరట్లో చెట్టుకు ఎవుర్నడగాల?" అంది భార్య కళ్యాణి.

"చట్టం పెరటి గోడ కాడ ఆగదు," అని ఫారెస్టు ఆఫీసుకు ఫోను చేశాడు.

అవతల ఆఫీసరు మర్యాదగానే మాట్లాడాడు. ఏం చెట్టని అడిగాడు. పదేళ్లుగా దాని నీడలో స్కూటరు పెడుతున్నాడే గానీ దాని పేరేమిటో గురుప్రసాద్‌కు తెలియదు.

"ఎర్రచందనమైతే మాత్రం చెయ్యి పెట్టొద్దండి సార్. ఫోటో పంపండి, చూస్తాం."

ఇల్లు అమ్మినవాళ్లు ఎప్పుడో చెదలు పట్టకుండా ఆ మానుకు జాజు పూశారు. ఫోటోలో మాను ఎర్రగా మెరిసిపోయింది. 'ఇది ఎర్రచందనమేమో చూసి చెప్పగలరు' అని రాసి పంపాడు. ఫోనులో 'ఫారెస్టు' కిందే 'ఫ్రెండ్స్ కాలనీ' గ్రూపు ఉంది. వేలు కొంచెం కిందికి జరిగింది.

తప్పు తెలుసుకుని వెంటనే గ్రూపులోంచి ఫోటో తీసేసి, ఫారెస్టుకు పంపాడు. తీసేయడంతో కాలనీకి ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది.

మధ్యాహ్నానికి పెరడు నిండిపోయింది. కొందరు మానును తట్టి చూశారు, కొందరు వాసన చూశారు, ఒకాయన పిల్లలను నిలబెట్టి ఫోటో తీసుకున్నాడు. వెనకింట్లో మేకలు మేపుకునే చిన్నన్న అందరికీ సాక్ష్యం చెప్పాడు.

"మా మేకలు దీని ఆకు ముట్టవప్పా. ఇది మామూలు చెట్టు కాదని అవిటికి ముందే తెలుసు."

జిలానీ గొడ్డలిని గోనెసంచిలో చుట్టేశాడు. "నేను కువైట్‌కు వీసా పెట్టుకోనుండా సార్. కేసు పడితే ఇంగ నా బతుకు ఈడనే."

బుధవారం ఆఫీసరు స్వయంగా వచ్చాడు. మానును గోటితో గీకాడు. జాజు రాలింది. ఆకులు చూసి నవ్వాడు.

"సీమతంగేడు సార్ ఇది. పర్మిషన్ రాసిస్తా, హాయిగా కొట్టుకోండి."

గురుప్రసాద్ ఆ కాగితం పట్టుకుని వీధంతా తిరిగాడు. ఒక్కరూ నమ్మలేదు.

"ఉండేదాన్ని ఉందని ఆఫీసర్లు యాడన్నా చెప్తారా?" అన్నాడు చిన్నన్న. "నువ్వు శానా అమాయకుడివి సార్."

"కాగితం మీ దగ్గర పెట్టుకోండి సార్. గొడ్డలి నా దగ్గరుంటాది," అన్నాడు జిలానీ. ఊళ్లో కట్టెలు కొట్టేవాళ్లందరిదీ అదే మాట.

బాత్‌రూము ఇప్పట్లో కాదని అత్తగారికి ఎదురుగా చెప్పడమే మర్యాదని శుక్రవారం మొగుడూ పెళ్లాం సింహాద్రిపురం వెళ్లారు. వెళ్లేసరికి గురవమ్మ బట్టల సంచి ఒళ్లో పెట్టుకుని, కొత్త చీర కట్టుకుని కూర్చుని ఉంది. మెట్లు దిగే బాధ పొద్దుననే పడి, అప్పటినుంచి కింది అరుగుమీదే ఉందట. గురుప్రసాద్ నోరు తెరిచాడు గానీ వేరే మాట వచ్చింది.

"పోదాంలే అత్తా. ఇప్పుడింగ బస్సు లేదు, రేప్పొద్దున్నే బయలుదేరుదాం."

శనివారం ఇంటికి చేరేసరికి చిన్నన్న ఎదురొచ్చాడు. పని నెత్తిన వేసుకుని పూర్తిచేసిన తృప్తి అతని ముఖంలో ఉంది.

"పంపించేసినా సార్. నిన్న మాపటేల ఫారెస్టోళ్లు లారీ తెచ్చినారు. సీజ్ చేసినామన్నారు. నేనే దగ్గరుండి తాడు పట్టినా. టీ గూడా ఇచ్చినా."

గురుప్రసాద్ పెరట్లోకి పరిగెత్తాడు. చెట్టు లేదు. మొద్దు లేదు. వేరుముక్క కూడా వదలకుండా తవ్వుకుపోయారు. ఆఫీసుకు ఫోను చేస్తే తమవాళ్లెవరూ రాలేదన్నారు.

"మా చెట్టు ఎవరో ఎత్తుకుపోయినారు సార్," అన్నాడు గురుప్రసాద్.

"కొట్టడానికి పర్మిషన్ ఇచ్చినాం కదా?"

"కొట్టింది నేను కాదు."

"పోలీసు కంప్లైంటు ఇయ్యండి సార్. కానీ వాళ్లు దొరికితే చెట్టు మీకు తిరిగిచ్చేస్తారు, ఆలోచించుకోండి."

అప్పటికే కాలనీ పరామర్శకు వచ్చేసింది. గురుప్రసాద్ పెదవులు విచ్చుకోబోతుంటే కళ్యాణి మోచేత్తో పొడిచింది.

"మొగం కొంచెం బాధగా పెట్టండి. అందరూ చూస్తాండారు."

జిలానీ మాత్రం ఎవరినీ పలకరించకుండా గుంటలోకి దిగి టేపు పరిచాడు. "పునాది తవ్వే పని లేదు సార్. ఇంగొంచెం ఆ పక్కకు తవ్వింటే సెప్టిక్ ట్యాంకు గూడా అయిపోయుండు. రేపు ఇటుక దింపుకుందామా?"

సంగతంతా విన్న గురవమ్మ మోకాలు నిమురుకుంటూ నిట్టూర్చింది. "పాపం, ఇంటికి పోయి కడిగి చూసుకునేసరికి వాళ్లకు ఎట్లుంటాదో ఏమో."

ఎట్లున్నా, బుద్ధిమంతులే. ఆ వారమంతా ఆ పెరట్లోకి వచ్చినవాళ్లలో, పోతూ పోతూ గేటు వేసిపోయింది వాళ్లొక్కరే.