అయ్యగారికి తెలియని కొలత

బుధవారం పొద్దున తెనాలిలో రేపల్లె రైలెక్కేటప్పటికి నిర్మల చేతిసంచిలో మూడే వస్తువులున్నాయి. బైబిలు, పాటల పుస్తకం, కొలత టేపు. రేపల్లె పాస్టరు లాజరు అయ్యగారి ఒంటి కొలతలు ఆయనకు తెలియకుండా తీసుకోవాలి. ఆదివారంతో ఆయన సేవకు ఇరవై అయిదేళ్లు నిండుతాయి. ఆ రోజు చర్చిలో తొడిగించడానికి కొత్త తెల్ల అంగీ కుట్టమని ఆయన భార్య నీరజమ్మగారు రహస్యంగా అడిగారు.

కొలతకు ఆదిగా అయ్యగారి పాత అంగీ ఒకటి ఇస్తానన్నారు కూడా.

"ఆది బట్ట పెట్టి కుట్టే అలవాటు నాకు లేదండి అమ్మగారూ. బట్ట సాగుతుంది, ముడుచుకుంటుంది. ఒంటి మీద తీస్తేనే కొలత," అంది నిర్మల. పద్దెనిమిదేళ్లలో ఆమె కుట్టిన బట్ట ఒక్కటీ వెనక్కి రాలేదు. ఆ సంగతి తెలియనివాళ్లు తెనాలిలో ఎవరైనా మిగిలి ఉంటే తనే చెప్పేది.

"తెలియకుండా ఎట్లా కొలుస్తావు?" అన్నాడు రైల్లో ఆమె భర్త కిరణ్ కుమార్.

"ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకుంటారు కదండీ."

"మరి మనం?"

"మంచిపనికేగా తెరిచేది! పైన దేవుడు చూస్తూనే ఉంటాడు."

"నా భయం కూడా అదే."

ఆ వారం ప్రార్థన కూడిక రేపల్లెలో సుందరమ్మ ఇంట్లో. ఆవిడ నిర్మల అత్తగారికి స్వయానా చెల్లెలు. పాట అయింది. అయ్యగారు గది మధ్య నిలబడి రెండు చేతులూ పైకెత్తి కళ్లు మూసుకున్నారు. గదిలో అందరి కళ్లూ మూతపడ్డాయి. నిర్మల టేపు విప్పుకుని వెనకనుంచి చేరింది. చేతులు పైకి ఉండటంతో ఛాతీ కొలత ఎంత సులువుగా వచ్చిందో! మోకాళ్ల మీద కూర్చుని టేపును భుజం నుంచి చీలమండ దాకా లాగింది.

"యాభై ఆరు."

"అయ్యగారు పొట్టివారే గదా?" గుసగుసలాడాడు కిరణ్ కుమార్.

"టేపు అబద్ధం చెప్పదు. రాయండి."

అంతలో టేపు కొస ఆయన లాల్చీ అంచుకు తగిలింది. అయ్యగారు గొంతు పెంచారు.

"ప్రభువా! నీ వస్త్రపు చెంగు ముట్టి బాగుపడిన స్త్రీలా ఇప్పుడే ఒక సహోదరి నా అంచు ముట్టింది. ఆమె రోగమేమిటో నీకే ఎరుక. స్వస్థపరచు తండ్రీ!"

"స్తోత్రం!" అంది గదంతా. సుందరమ్మ మాత్రం ఒక కన్ను తెరిచి చూసింది. నిర్మల అయ్యగారి పాదాల దగ్గర చెమటలు కక్కుతూ కనిపించింది.

సుందరమ్మ ఫోను తీసి చుట్టాలందరికీ కబురు పెట్టింది. తిరుగు రైలు వేమూరు చేరేసరికి ఆ కబురులో నిర్మలకు కడుపులో గడ్డ. తెనాలి చేరేసరికి డాక్టర్లు పెదవి విరిచేశారు.

గురువారం నిర్మల బట్ట కత్తిరించి పొడుగు కుట్లన్నీ మిషను మీద వేసింది. శుక్రవారం పొద్దున్నే బాపట్ల నుంచి అత్తగారు పున్నమ్మ కొబ్బరిబోండాలతో దిగింది.

"రోగం ఒంట్లో పెట్టుకుని మిషను తొక్కుతావా అమ్మాయ్?" అంటూ మిషను బెల్టు ఊడదీసి బొడ్లో దోపుకుంది.

"నాకేం రోగం లేదు అత్తయ్యా!"

"మా చిన్నమ్మా అట్లాగే అంటూ పోయింది. పడుకో!"

"నిజం చెప్పేద్దామండీ," అంది నిర్మల భర్తతో.

"మా అమ్మకు చెబితే బాపట్లంతా మైకు పెట్టినట్టే. రహస్యం ఆదివారం దాకా ఆగదు."

ఇక చేసేదేముంది? అంచు, బొత్తాలు దుప్పటి కింద పడుకుని చేత్తోనే కుట్టింది. పరామర్శకు వచ్చినవాళ్లు ప్రార్థన చేస్తుంటే లోపల సూది నడిచేది. అంగీని ఒక్కసారి తగిలించి చూసుకునే వీలే దొరకలేదు.

ఆదివారం చర్చి కిక్కిరిసింది. అయ్యగారు కొత్త అంగీ తొడుక్కుని ఒక్క అడుగు వేశారు. అంచు కాలికింద పడి తూలి, కమ్మీ పట్టుకున్నారు. నాలుగంగుళాల గుడ్డ నేలమీద పడి ఉంది.

అంతలో ఆయన దీవించడానికి చేతులెత్తారు. అంచు లేచి చీలమండ దగ్గర ముచ్చటగా నిలిచింది! నిర్మలకు అప్పుడు వెలిగింది. ఆ రోజు ఆయన ఆవేశంగా చేతులెత్తేసరికి భుజాలు కూడా పైకి లేచాయి. తను కొలిచింది నిలబడ్డ మనిషిని కాదు, ప్రార్థనలో ఉన్న మనిషిని.

అయ్యగారికీ కిటుకు అర్థమైంది. ఇక చేతులు దించలేదు. ప్రసంగం మొత్తం అలాగే చెప్పారు. సంఘం కళ్లు తుడుచుకుంది.

"అంగీ కొలిచి కుట్టినట్టుందమ్మా!" అంది పక్కావిడ. ఆయన చేతులు దించకుంటే చాలు, నిర్మల పద్దెనిమిదేళ్ల పేరు నిలుస్తుంది.

"బుధవారం నా అంచు ముట్టిన సహోదరి లేచి సాక్ష్యం చెప్పాలి!" అన్నారు అయ్యగారు.

పున్నమ్మ కోడల్ని గిల్లి లేపింది. ఎదురుగా అయ్యగారి చేతులు గడగడ వణుకుతున్నాయి. స్వస్థత కలిగిందని ఒక్క మాటంటే అందరూ సంతోషిస్తారు. కానీ చర్చిలో అబద్ధమా?

"నాకే రోగమూ లేదండి అయ్యగారూ. మిమ్మల్ని ముట్టింది టేపు. మీరు చేతులెత్తి ఉండగా కొలిచాను. నాలుగంగుళాలు ఎక్కువైంది. ఇక దించండి, మీ పుణ్యముంటుంది."

అయ్యగారు మెల్లగా చేతులు దించారు. అంగీ అంచు నేలమీద కుప్పపడింది.

"స్వస్థత ఇప్పుడే కలిగిందమ్మా, నా భుజాలకి," అన్నారాయన. చర్చి పైకప్పు ఎగిరేలా నవ్వింది. పున్నమ్మ బొడ్లోంచి బెల్టు తీసి అక్కడికక్కడే కోడలి చేతిలో పెట్టింది.

పద్దెనిమిదేళ్లలో మొదటిసారి ఒక బట్ట నిర్మల దగ్గరికి వెనక్కి వచ్చింది, పాత అంగీని ఆదికి తోడు తెచ్చుకుని.

తర్వాతి బుధవారం కూడికలో కళ్లు మూసుకుందామన్నప్పుడు పూర్తిగా ఎవరూ మూయలేదు, అయ్యగారితో సహా.