మర్యాద తప్పిన గురువారం

మా ఊళ్లో ఈ ఏడాది దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకునే థాంక్స్‌గివింగ్ పండుగ వారం ఎలాంటి అవాంఛనీయ సంఘటనలూ లేకుండా ముగిసిందని చెప్పలేకపోతున్నందుకు చింతిస్తున్నాను. టోలెఫ్సన్ గారింట్లో ఒక మనిషి తనకేం కావాలో నోరు తెరిచి చెప్పేసింది. డెబ్భై దాటిన మనిషి. బాప్తిస్మం మొదలుకొని పెళ్లి దాకా అన్నీ మా లూథరన్ చర్చిలోనే సక్రమంగా జరిగినావిడ. ఆవిడ ఇంత పని చేస్తుందని ఎవరూ అనుకోలేదు.

మిన్నెసోటాలో మర్యాదకు చట్టం లేదు. దాని అవసరం ఎప్పుడూ పడలేదు. కాఫీ తాగుతారా అని అడిగితే ముందు వద్దనాలి. మళ్లీ అడిగితే "మీకెందుకండీ శ్రమ" అనాలి. మూడోసారి అడిగితే "సరే, ఓ అరకప్పు" అని, పోసిన నిండు కప్పంతా తాగాలి. పళ్లెంలో ఆఖరి ముక్కను తీసుకోవడం నేరం. సగానికి కోసి సగం తీసుకోవచ్చు. ఆ మిగిలిన సగాన్ని మరొకరు మళ్లీ సగం చేయవచ్చు. ఈ పద్ధతిలో మా చర్చి నేలమాళిగలో ఒక కేకు ముక్క రెండు ఆదివారాలు బతికింది.

ఇంత మొహమాటంలో మనుషులు ఒకరికొకరు సంగతులు ఎలా చెప్పుకుంటారని మీకు అనుమానం రావచ్చు. దేవుడున్నాడు కదా. ఆర్విల్ టోలెఫ్సన్ గారు తన జీవితంలో ఎవరినీ ఒక్క మాట అనలేదు. అన్నదంతా భోజనం ముందు ప్రార్థనలో దేవుడితోనే అన్నారు, పక్కవాళ్లకు వినబడేలా. "ప్రభువా, వేసవిలో నిచ్చెన పట్టుకెళ్లిన సోదరుడి జ్ఞాపకశక్తిని బలపరచుము" అని ఆయన చర్చి విందులో ప్రార్థిస్తే, తెల్లారేసరికి నిచ్చెన గోడకు ఆని ఉంది. ప్రార్థనకు ఫలితం ఉండదనేవాళ్లు మా ఊరొచ్చి చూడవచ్చు.

ఆర్విల్, మార్లిస్ దంపతులకు ముగ్గురు పిల్లలు. పెద్దవాడు కర్టిస్ పక్క వీధిలోనే ఉంటాడు. అమ్మాయి లోర్నా పక్క ఊళ్లో ఉంటుంది. చిన్నవాడు బ్రూస్ ఊరి బయట పొలంలో ఉంటాడు. ముగ్గురికీ సంసారాలున్నాయి. ఎవరి మధ్యా గొడవల్లేవు. ఉంటే బాగుండేది, ఎవరు ఎవరితో కలవరో తేలిపోయేది. మార్లిస్‌కు ఉన్న కోరిక ఒకటే. థాంక్స్‌గివింగ్ గురువారం నాడు, ఆ ఒక్క పూట, ముగ్గురూ తన బల్ల దగ్గర ఒకేసారి కూర్చోవాలి. పెద్ద కోరికేమీ కాదు. అందుకే ఎవరికీ చెప్పలేదు.

అక్టోబరులోనే కర్టిస్ అడిగాడు. "అమ్మా, గురువారం మేం రావాలా?"

"మీకు వీలైతేనేరా. నా కోసం మీరేం ఇబ్బంది పడకండి," అంది మార్లిస్.

అంటే తప్పకుండా రండి అని. కానీ కర్టిస్ మర్యాదస్తుడు. అమ్మకు శ్రమ, పైగా చెల్లెలు గురువారం రావాలనుకుంటుందేమో, అడ్డెందుకు అనుకుని ముందు ఆదివారానికి మారాడు. లోర్నా కూడా అమ్మ కడుపునే పుట్టింది కాబట్టి అన్నకు గురువారం వదిలేసి తను మంగళవారం తీసుకుంది. బ్రూస్ ఇద్దరికీ వదిలేసి శనివారంతో సరిపెట్టుకున్నాడు. ముగ్గురూ గురువారాన్ని ఒకరికొకరు దానం చేసుకున్నాక అది ఎవరికీ లేకుండా పోయింది.

ఆదివారం మొదటి టర్కీ కోడి ఓవెన్‌లోకి వెళ్లింది. కర్టిస్ భార్య "మాకోసం ఇంత చేశారేంటి అత్తయ్యా" అని నొచ్చుకుని, దాదాపు ఏమీ తినకుండా మర్యాద చూపించింది. మంగళవారం రెండోది వెళ్లింది. ఆదివారంది మిగిలి ఉన్నా, మిగిలింది పెడితే లోర్నాకు చిన్నతనమవుతుందని. బుధవారం చర్చిలో కృతజ్ఞతారాధన. "మనకేం కావాలో మనకంటే ముందే దేవుడికి తెలుసు" అని పాస్టర్ ఇంగ్రిడ్ ప్రసంగించారు. మార్లిస్ తల ఊపింది. దేవుడికి తెలుసు సరే, కర్టిస్‌కు ఎవరు చెబుతారని ఆవిడ అడగలేదు. ప్రసంగం మధ్యలో అడగడం మర్యాద కాదు.

గురువారం వచ్చింది. ఎవరైనా వస్తారేమోనని మార్లిస్ బల్లను పొడుగ్గా లాగి, రెండు చివర్లా పలకలు వేసి, తెల్లగుడ్డ పరిచి, అన్ని పళ్లాలూ పెట్టింది. మూడో కోడి బంగారు రంగులో మధ్యలో కూర్చుంది. దానికి అటు ఆర్విల్, ఇటు మార్లిస్.

ఆర్విల్ చేతులు జోడించారు. "ప్రభువా, మాకు మంచి పిల్లల్నిచ్చావు. దగ్గర్లోనే ఉంచావు. ఎవరినీ ఇబ్బంది పెట్టని బుద్ధినిచ్చావు." తల పైకెత్తారు. "ఆ బుద్ధి కొంచెం తగ్గించినా మేమేం అనుకోము. ఆమెన్."

మార్లిస్ కళ్లు తెరిచి ఖాళీ కుర్చీల వంక చూసింది. లేచి వెళ్లి ఫోను తీసింది.

"కర్టిస్, రా. అందరినీ తీసుకుని ఇప్పుడే రా. లోర్నాకీ బ్రూస్‌కీ కూడా చెప్పు. నాకు మీ ముగ్గురూ కావాలి."

"అమ్మా, ఏమైంది?"

"ఏం కాలేదు."

మా ఊళ్లో "ఏం కాలేదు" అంటే అంతా అయిపోయిందని అర్థం. కర్టిస్ గొంతు తగ్గించాడు. "నాన్న... ఉన్నాడా?"

"ఉన్నాడు. బంగాళాదుంప గుజ్జు వేసుకుంటున్నాడు. నువ్వు బయల్దేరు."

అమ్మ "కావాలి" అన్న మాట కర్టిస్ పుట్టి బుద్ధెరిగాక వినలేదు. చావు దగ్గరికొస్తే తప్ప ఆవిడ అలా అనదు, కాబట్టి చావు దగ్గరికొచ్చిందని తేల్చుకున్నాడు. లోర్నాకు ఫోన్ చేశాడు. లోర్నా ఏడుస్తూ బ్రూస్‌కూ, పాస్టరుకూ చేసింది. పాస్టర్ నాకు చేశారు. నేను చర్చిలో సంతాప భోజన సంఘం కార్యదర్శిని. ఎవరు పోయినా వాళ్లింటికి హాట్‌డిష్ చేర్చడం మా బాధ్యత. కీమా, చిక్కుడుకాయలు, పుట్టగొడుగుల సూపు కలిపి పైన బంగాళాదుంప ముక్కలు పేర్చి కాల్చే ఈ వంటకాన్ని మేం ఎప్పుడూ ఫ్రీజర్‌లో సిద్ధంగా ఉంచుతాం. మరణం చెప్పి రాదు, మా సంఘం చెప్పినా చెప్పకపోయినా వస్తుంది.

నేను వెళ్లేసరికి ముగ్గురి సంసారాలతో, పాస్టరుతో ఇల్లు నిండిపోయింది. అందరూ ముందు ఆర్విల్‌ను చూసి ఊపిరి పీల్చుకున్నారు. తర్వాత మార్లిస్‌ను చూసి ఊపిరి పీల్చుకున్నారు. ఆ తర్వాత ఇద్దర్లో ఎవరికి ఏ జబ్బోనని మళ్లీ ఊపిరి బిగబట్టారు. అడగడం మర్యాద కాదు. వాళ్లే చెబుతారని అందరూ గంభీరంగా కూర్చుని టర్కీ తినసాగారు. మార్లిస్ ముఖం మాత్రం పెళ్లికూతురి ముఖంలా వెలిగిపోతోంది. నా హాట్‌డిష్ చూసి, "అయ్యో, ఇదెందుకు తెచ్చావు?" అంది. "ఏం లేదు, ఊరికే" అన్నాను. ఇంకేం చెప్పను?

ఆ రోజు బల్ల చుట్టూ ఒక్కొక్కరూ దేనికి కృతజ్ఞులో చెప్పడం ఆనవాయితీ. ఏటా ఆరోగ్యానికనో, మంచి వాతావరణానికనో చెప్పి తప్పించుకుంటాం. ఈసారి కర్టిస్ లేచి నిలబడ్డాడు.

"నాన్నా, గడ్డకట్టిన చెరువు మీద నన్ను చేపలు పట్టడానికి తీసుకెళ్లేవాడివి. పొద్దంతా ఇద్దరం ఒక్క మాట కూడా మాట్లాడుకునేవాళ్లం కాదు. నా జీవితంలో అంత మంచి రోజులు మళ్లీ రాలేదు," అని కూర్చుని, ముఖాన్ని చేతిగుడ్డలో దాచుకున్నాడు.

ఆర్విల్ కంగారుపడి ఉప్పుడబ్బా అటూ ఇటూ జరిపారు. లోర్నా తల్లి చెయ్యి పట్టుకుంది. "నువ్వు కుట్టిన గౌన్లంటే నాకు సిగ్గుగా ఉండేదమ్మా. ఇప్పుడవన్నీ పెట్టెలో దాచుకున్నాను." మార్లిస్ ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. ఏళ్ల తరబడి ఎన్నో అంత్యక్రియల్లో విన్న మాటలే అవి, కానీ శవపెట్టెలో పడుకున్నవాళ్లకు కాకుండా ఎదురుగా కూర్చున్నవాళ్లకు చెప్పగా వినడం అదే మొదటిసారి. చాలా బాగుంది.

చివరికి చిన్నవాడు బ్రూస్ ఉండబట్టలేకపోయాడు. "ఇంతకీ ఎవరికమ్మా? నీకా, నాన్నకా? డాక్టరు ఎన్నాళ్లన్నాడు?"

"దేనికిరా?"

"మరి ఎందుకు పిలిచావు?"

"మీతో కలిసి భోంచేద్దామని," అంది మార్లిస్.

అందరూ చేతిలో ఫోర్కులు కింద పెట్టేశారు. ఒక మనిషి తనకు ఇష్టమైన పని చేయమని కన్నబిడ్డల్ని అడగడమా! పాస్టర్ ఇంగ్రిడ్ లేచి గొంతు సవరించుకున్నారు. "ప్రియ సహోదరీ సహోదరులారా, ఇరవయ్యేళ్ల నా పరిచర్యలో ఇలాంటి సందర్భం నాకు ఎదురుకాలేదు. ఆరాధన క్రమంలో కూడా దీనికి ప్రార్థన లేదు. కాబట్టి గుమ్మడికాయ తీపి తిందాం." ముందు ఆర్విల్ నవ్వారు. తర్వాత అందరూ పగలబడి నవ్వారు. సంతాపానికి తెచ్చిన హాట్‌డిష్ కూడా ఖాళీ అయింది.

వెళ్లేటప్పుడు గుమ్మంలో మార్లిస్ మళ్లీ సాహసించింది. "వచ్చే ఏడు కూడా గురువారమే, అందరూ రావాలి."

"తప్పకుండా అమ్మా!" అన్నారు ముగ్గురూ ఒకే గొంతుతో. నా గిన్నె నేను కారులో పెట్టుకుంటుంటే వీధిలో వాళ్ల మాటలు వినబడ్డాయి.

"చూశావా, ఎంత అలిసిపోయిందో. కళ్లు ఎలా ఎర్రబడ్డాయో," అన్నాడు కర్టిస్.

"మనల్ని నొప్పించకూడదని అలా అంది కానీ, ఈ వయసులో ఇంతమందికి వండాలంటే మాటలా? వచ్చే ఏడు మేం మంగళవారమే వస్తాం. గురువారం నువ్వు తీసుకో," అంది లోర్నా.

"వద్దొద్దు, బ్రూస్‌కు ఇద్దాం," అన్నాడు కర్టిస్.

శనివారం బ్రూస్ అనుకున్న ప్రకారం వచ్చాడు. వద్దని చెప్పడం బాగుండదు కాబట్టి మార్లిస్ నాలుగో కోడిని ఓవెన్‌లో పెట్టింది. మా సంతాప భోజన సంఘం అత్యవసరంగా సమావేశమై ఒక తీర్మానం ఆమోదించింది: ఇకముందు ఏ తల్లి అయినా "రండి" అని నేరుగా పిలిస్తే, ముందు డాక్టరును సంప్రదించి, ఆ తర్వాతే హాట్‌డిష్ వేడి చేయవలెను.

మీరు నవ్వుతున్నారు. నవ్వండి, మంచిదే. మా వాళ్లు మంచు దేశపు అమాయకులు. మీకలా జరగదు. మొన్న ఫోన్లో మీ అమ్మ, "మాకేం, బాగానే ఉన్నాం, పనులు మానుకుని రావద్దులే" అంది. అందులో దాచిందేమీ లేదు కాబట్టే మీరు "సరే అమ్మా" అని పెట్టేశారు.