డబ్బా మీద ఇసుక

ఇంతవరకు చెవికి మాత్రమే అందుతున్న ధ్వనిని ఇకమీదట ప్రతి చిన్నారి చేతికీ అందిస్తామని విద్యామంత్రిగారు ప్రకటించారు. ఇన్నాళ్లూ అది ఎవరి చేతుల్లో చిక్కుకుపోయిందో మాత్రం చెప్పలేదు. పెద్దమనసు మరి.

ఆ ప్రకటనకి అందరికంటే ఎక్కువ మురిసిపోయింది మూడో తరగతి టీచరమ్మ. ఆవిడ మూడేళ్లుగా చేస్తున్న పని అదే. ఖాళీ పాలడబ్బా మూతికి పగిలిన బెలూను ముక్క బిగించి కట్టి, దానిమీద చిటికెడు ఇసుక చల్లి, పిల్లల్ని దగ్గరగా "ఆ..." అనమనేది. ఇసుక గంతులేసేది. దాంతోపాటు పిల్లలూ గంతులేసేవాళ్లు. పక్క తరగతి మాస్టారు నిద్ర చెడుతోందని పైకి ఫిర్యాదు రాశారు. ఆ పాఠం ఉంచాలో తీసెయ్యాలో మంత్రిగారే స్వయంగా చూసి తేలుస్తారని కబురొచ్చింది.

మంత్రిగారు వచ్చే ముందురోజు విద్యాశాఖ అధికారిగారు తనిఖీకి దిగారు.

"ఏమిటమ్మా ఈ గోల?"

"ధ్వని పాఠం సార్."

"చెప్పండి, కాదనను. చప్పుడెందుకు?"

"చప్పుడు లేకుండా ధ్వని ఎలా సార్?"

"అదంతా రేపు మంత్రిగారు చూసుకుంటారు. పిల్లలు నోరు మెదపకూడదు. మెదిపారో, ఈ డబ్బాలు చెత్తలోకి, మీరు మా ఆఫీసులో ఫైళ్ల గదిలోకి."

మర్నాడు మంత్రిగారు వచ్చారు. వెనకే ఆయన సహాయకుడు ఒక నల్ల పెట్టె మోసుకొచ్చి, బల్ల కింద పెట్టి, పైన తువ్వాలు కప్పాడు. టీచరమ్మ నమస్కారం పెడితే మంత్రిగారు తల ఊపారు గాని పలకలేదు. గొంతు ప్రజలకోసం దాచుకున్నారు కాబోలు.

కుర్చీలో కూచుని మైకు అందుకోగానే గది దద్దరిల్లింది.

"ఈ మైదానం పట్టనంతగా తరలివచ్చిన నా సోదర సోదరీమణులారా!"

గదిలో ఉన్నది ముప్ఫై ఇద్దరు పిల్లలు. వాళ్లలోనే మైదానాన్ని చూడగలిగారంటే అది దూరదృష్టి. పిల్లలు చేతులు కట్టుకునే ఉన్నారు, చప్పట్లు మారుమోగిపోయాయి. మధ్యలో మంత్రిగారు గ్లాసెత్తి గటగటా నీళ్లు తాగారు. ప్రసంగంలో ఒక్క అక్షరం జారలేదు. ఆ ప్రజ్ఞకి అధికారిగారు కళ్లొత్తుకున్నారు.

ముందు వరసలో రెండు జడల పిల్ల ఉంది. నోరు మెదపొద్దన్నారు కాబట్టి మెదపలేదు. డబ్బా పట్టుకుని లేచి, మంత్రిగారి నోటి దగ్గర పెట్టింది. ఫొటోకి అనుకుని ఆయన చక్కగా నవ్వారు. ప్రసంగం సాగుతూనే ఉంది. ఇసుక కదల్లేదు. పిల్ల కాసేపు ఆలోచించి, వంగి, డబ్బాని బల్ల కింద పెట్టింది. ఇసుక ఎగిరెగిరి పడింది. వెనక్కొచ్చి పుస్తకంలో రాసుకుంది.

అధికారిగారు ఆ పుస్తకం లాక్కుని చదివి, టీచరమ్మ చేతిలో పెట్టారు.

"తప్పని కొట్టెయ్యండి," అన్నారు చెవిలో.

టీచరమ్మ చదివింది. 'మంత్రిగారి నోటి దగ్గర: కదల్లేదు. బల్ల కింద: బాగా గంతులేసింది.' కళ్లముందు ఫైళ్ల గది మెదిలింది. ఎర్ర పెన్ను తీసి, పదికి పది వేసింది.

మూడోరోజు ఉత్తర్వు వచ్చింది. ఒకసారి ప్రకటించింది వెనక్కి తీసుకోవడం మంత్రిగారి ఇంటావంటా లేదు. పాఠం దివ్యంగా ఉందట, అన్ని బడుల్లోనూ చెప్పాలట. టీచరమ్మని కదిలిస్తే ఎందుకని అడుగుతారు గనక, అక్కడే ఉండనిచ్చారు. కింద ఒక్క షరతు: ఇసుక వాడరాదు.

టీచరమ్మ కాగితం రెండుసార్లు చదివి, మడిచి, బడి వంటామెని కేకేసింది.

"అక్కా, ఉప్పు ఉందా?"